తాళం వేయని తరగతి

ఆ గది నాకు అప్పగించిన రోజున నేను చేసిన మొదటి పని గుమ్మానికి వేలాడుతున్న గోనె పరదాను పీకి పారేయడం. ఎంత గర్వంగా పీకానో ఇప్పటికీ గుర్తుంది. కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, ముక్కుకు చెంగు చుట్టుకుని, స్టూలెక్కి ఒక్క లాగు లాగాను. దాంతోపాటు ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్మంతా నా నెత్తిన పడింది. పడితే పడింది, గదిలోకి వెలుగొచ్చింది, గాలొచ్చింది.

"చూశావా ఆయమ్మా, ఇప్పుడు బడిలా ఉంది" అన్నాను.

ఆయమ్మ మా బడిలో పిల్లలకు నీళ్ళిచ్చే మనిషి. గదులు ఊడ్చేదీ, గంట కొట్టేదీ, ఎవరినైనా తిట్టాలంటే తిట్టేదీ ఆమే. కింద పడిన పరదాను కాలితో తిరగేసి చూసింది. రెండు పొరల గోనె, మధ్యలో పాత చీర గుడ్డ, అంచుకు ఎర్ర బట్ట, గాలికి ఎగరకుండా కింద ఒక వెదురు కర్ర. ఎవరో ఓపిగ్గా కుట్టుకున్నది.

"మంచిగున్నదాన్ని తీసిపారేస్తిరి. మీ ఆంధ్రోళ్ళకు అన్నీ బార్ల తెరిసి ఉండాలె" అంది.

"పారెయ్" అన్నాను. పారేయమన్నది పారేసే అలవాటు ఆమెకు లేదు. మడిచి తీసుకుపోయి, తను మధ్యాహ్నం నడుం వాల్చే చోట పరుచుకుంది. ఆ సంగతి నాకు చాలా రోజుల వరకు తెలియదు.

ఇది ఎనభైల మొదట్లో మాట. మా బడి దబీర్‌పురాలో, రైలు స్టేషనుకు దగ్గరగా, ఒక పాత దేవిడీలో ఉండేది. ఒకప్పుడు ఏదో పెద్ద కుటుంబం ఉన్న ఇల్లు. పెద్ద వాకిలి, చుట్టూ గదులు. ఇంటివాళ్ళ ఆడవాళ్ళు ఉండిన వైపు మాకు అద్దెకిచ్చారు. మిగతా భాగంలో రెండు కుటుంబాలూ, ఒక కట్టెల అడితీ ఉండేవి. అడితికి పొద్దస్తమానం బండ్లు వస్తూ పోతూ ఉండేవి కాబట్టి దేవిడీ గేటు మూసే ప్రశ్నే లేదు. గేటు దాటితే సందు, సందు దాటితే రైలు పట్టాలు.

ఏ బడీ ఉంచుకోని పిల్లల కోసం మా పెద్ద టీచరుగారు ఒక తరగతి పెడదామన్నారు. వాళ్ళను అందరూ ఒక్క గాటన కట్టి పిచ్చివాళ్ళనో, గాలి సోకినవాళ్ళనో అనేవారు. పెద్దాసుపత్రి డాక్టరు ఒకాయన మాత్రం మా దగ్గర చేరబోయే నలుగురికీ ఉన్నది ఆటిజం అని చెప్పి పంపాడు. ఆ మాట విన్నది బడి మొత్తంలో నేనొక్కదాన్నే. సికింద్రాబాదులో ప్రత్యేకమైన పిల్లలకు చదువు చెప్పే ట్రైనింగు చేసి వచ్చాను మరి. ఆ ట్రైనింగులో ఆటిజం గురించి చెప్పింది ఒకే ఒక మధ్యాహ్నం, అదీ భోజనాలయ్యాక. సగం మందిమి కునికిపాట్లు పడ్డాం. అంతమాత్రం తెలివితో నేను ఆ గదికి రాణినైపోయాను.

రాణి ఏం చేసింది? బెంచీలు వరుసగా వేయించింది. గోడల నిండా పటాలు అంటించింది. కూరగాయలు, జంతువులు, వాహనాలు, అక్షరమాల. జెండా పండగకు కట్టినట్టు దూలం నుంచి దూలానికి రంగు కాగితాల దండలు కట్టింది. మొదటి రోజు నలుగురు పిల్లలూ వచ్చారు. ఒకడు చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరాడు. ఒకడు కాగితాల దండ కేసి చూస్తూ, రేడియోలో వార్తలు చదివే గొంతుతో ఏకబిగిన వార్తలు చదవడం మొదలుపెట్టాడు. ఇంకొకడు తన టిఫిన్ డబ్బా మూత నేల మీద తిప్పుతూ, అది పడిపోయినప్పుడల్లా గుండెలు పగిలేలా ఏడ్చాడు. నాలుగోది ఆడపిల్ల. నేను పలకరించేలోపే గుమ్మం దాటి పరుగెత్తింది. ఆయమ్మ వాకిట్లో పట్టుకోకపోతే ఏమయ్యేదో.

ఆ పిల్ల గురించే చెప్పాలి.

తొమ్మిదేళ్ళుంటాయి. దువ్వనివ్వదని జుట్టు మగపిల్లల్లా కత్తిరించారు. మాటలు లేవు, ఒక సన్నని కూనిరాగం ఉండేది. మనిషి ముఖం కేసి చూసేది కాదు, ఆడవాళ్ళ చెవి కమ్మలు చూసేది. ఏ వస్తువు దొరికినా దాని అంచు వెంబడి గోరుతో మెల్లగా గీసుకుంటూ పోయేది, పలక అంచు, గ్లాసు అంచు, నా చీర అంచు. తెరిచి ఉన్న తలుపు కనబడితే మాత్రం ఆగేది కాదు. అల్లరి కాదది. నీళ్ళు పల్లానికి పోయినంత మామూలుగా తలుపులోంచి బయటికి పోయేది. ఆ పిల్లంటే నాకు ప్రాణం. నలుగురినీ సమానంగా చూడాలని ట్రైనింగులో చెప్పారు, చూశాను కూడా. కానీ పొద్దున రిక్షా దిగగానే నా కళ్ళు వెతికింది ఆ కత్తిరించిన తలనే.

తల్లి ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. భర్త పోయాక ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు. మాదన్నపేటలో, కూరగాయల మార్కెట్టు వెనక, ఒక అర్ర అద్దెకు తీసుకుని తల్లీ కూతుళ్ళు ఉండేవారు. బడిలో చేర్చిన రోజున ఆమె నాతో చెప్పిన మాటలు ఒక్కటీ మరిచిపోలేదు.

"టీచరమ్మా, ముందుగాల మా ఇంటి ఓనర్ల అమ్మ దగ్గర ఇడిసిపెట్టి డూటీకి పోతుంటి. తురకోళ్ళ పెద్దమ్మ, మస్తు మంచామె. పొద్దంత ఆమె కాడ్నే కూసుంటుండె ఈ పిల్ల. గడప దాటకపోతుండె. ఆమె ఏం దువా సదివి ఊదేదో నాకెర్కలే. ఆళ్ళు ఇల్లు అమ్ముకొని కిషన్‌బాగ్ పోయిన్రు. కొత్తోళ్ళు రానియ్యరు. అడోసు పడోసుల ఎవ్వరు పెట్టుకోరు, ఉర్కుతదని భయం."

"మరి ఇప్పుడెలా?" అన్నాను.

ఆమె తల వంచుకుంది. "ఏం జెయ్యాలె? అర్రల వెట్టి తాళమేసి పోతున్న. ఏడాదాయె. పగటీలి అన్నం లోపట పెడత. పొద్దుమీకి వచ్చి తీస్త."

నాకు కోపం ఎక్కువ. ఇంట్లో మావారు అగ్గిపెట్టె అని పిలిచేవారు. ఆమె మీద రాలేదా కోపం. ఎవరి మీద రావాలో తెలియక, ఉన్న చోటే భగ్గుమంది. "ఇదిగో చూడమ్మా, ఈ గదికి తాళం అనేది ఉండదు. మాటిస్తున్నాను. రేపటి నుంచి నీ కూతురు తాళం వేసిన తలుపు చూడదు" అన్నాను.

ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. ఈ తరగతి మధ్యాహ్నం వరకే. సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి వచ్చేదాకా పిల్లను తన దగ్గర కూర్చోబెట్టుకుంటానని ఆయమ్మ ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడంలో కూడా నన్నో నాలుగు తిట్టింది.

పెద్ద టీచరుగారు అంతా విన్నారు. పాతబస్తీలోనే పుట్టి పెరిగిన మనిషి. తెల్ల చీర, మెడలో సన్న గొలుసుకు చిన్న శిలువ, నోటి నిండా ఉర్దూ కలిసిన తెలుగు. మంచి మనిషి, అంతకు మించి భయస్తురాలు.

"చూడమ్మా, దసరా చుట్టీల దాంక నడిపిద్దాం. నాకు పట్టాలది ఫికర్ ఉన్నది. ఒక్క పిల్లగాడు రోడ్డు మీదికి పోయినా క్లాసు బంద్. కమిటీవాళ్ళకు నేను జవాబు చెప్పలేను" అన్నారు.

క్లాసు బంద్ అంటే మిగతా ముగ్గురికీ అమ్మలో, నాయనమ్మలో ఉన్నారు. ఈ పిల్లకు తాళం ఉంది.

కాబట్టి గదిని మళ్ళీ మొదటి నుంచి కట్టుకుంటూ వచ్చాను. దండలు తీశాను. పటాలు తీశాను. బెంచీలు పక్క గదికి తోసి, నేల మీద చాపలు వేశాను, ఎవరి చాప వాళ్ళది. ఒక్కొక్కటీ తీస్తున్నకొద్దీ పిల్లలు కాస్త కాస్త నెమ్మదించారు. పక్క క్లాసు టీచరు తొంగి చూసి "అన్నీ తీసేశారేమండీ, పాపం బోసిగా ఉంది" అన్నది. నాకు పాపం అనే మాటంటే ఒళ్ళు మంట. మా గది ముందు నుంచి వెళ్ళే ప్రతివాళ్ళూ ఆగి, లోపలికి చూసి, పాపం అని పోయేవారు. పెద్ద క్లాసుల పిల్లలైతే ఇంటర్‌వెల్లులో గుమ్మం ముందు మూగి నవ్వేవారు. నేను స్కేలు పట్టుకుని తరిమేదాన్ని. తరిమి వచ్చి చూస్తే మా నలుగురూ ఆ గోలకు చెల్లాచెదురై ఉండేవారు.

గోడకు పాత మేకులు కొన్ని ఉండేవి. డాక్టరు చెప్పాడు, వీళ్ళకు తర్వాత ఏం జరగబోతోందో తెలియకపోతే దిగులని. చెప్తే వినరు, చదవలేరు, మరెలా? ఒక మేకుకు పలక తగిలించాను. దాని పక్క మేకుకు పూసల దండ, ఆ పక్కన నీళ్ళ గ్లాసు, చివరి మేకుకు ఒక పిల్లల చెప్పుల జత. పలక అయ్యాక పలక దించేస్తాం, అప్పుడు పూసలు. పూసలు దించితే నీళ్ళు. చెప్పులు మిగిలితే ఇంటికి. బడి గోడకు చెప్పులు తగిలించానని ఆయమ్మ చెంపలు వాయించుకుంది. దిష్టి తగిలిందని నాకు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తానని కూడా అంది. కానీ వార్తలు చదివే అబ్బాయి నాలుగైదు రోజులకే వార్తల మధ్యలో ఆపి, లేచి వెళ్ళి, అయిపోయిన పూసల దండను తనే దించి నా ఒళ్ళో పడేశాడు. నేను ఆ సాయంత్రం రిక్షాలో ఒక్కదాన్నే నవ్వుకుంటూ ఇంటికి పోయాను.

అన్నీ కుదిరాయి, తలుపు తప్ప. తెరిచి పెడితే ఆ పిల్ల పరుగు. మూస్తే చెప్పనలవి కాదు. గదికి ఒక్కటే గుమ్మం, పైన ఎక్కడో చిన్న కిటికీ. తలుపు రెక్కలు దగ్గరికి వేయగానే చీకటి కమ్మేది, మరుక్షణం ఆ పిల్ల రెక్కలకేసి నుదురు కొట్టుకోవడం మొదలుపెట్టేది. ఏడుపు లేదు, కేక లేదు. కొట్టుకోవడమే. లోపలి గొళ్ళెం పెట్టి చూశాను, చిటికెలో తీసేసింది. నేనే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. కూర్చుంటే మిగతా ముగ్గురికీ పాఠం చెప్పేదెవరు?

తిప్పుడు మూత అబ్బాయికి ఒక రోజు మూర్ఛ వచ్చింది. నేనూ ఆయమ్మా వాడి మీదికి వంగాం. వాడు తేరుకుని, మూతి తుడిచి, నీళ్ళు తాగించి తల ఎత్తేసరికి ఆ పిల్ల చాప ఖాళీగా ఉంది.

చెప్పులు లేకుండా పరుగెత్తాను. వాకిలి, గేటు, కట్టెల బండి, సందు. "చోటీ లడ్కీ, దేఖే క్యా, చోటీ లడ్కీ" అని నాకు వచ్చిన రెండు ముక్కల ఉర్దూ అరుచుకుంటూ పోయాను. సైకిలు షాపాయన స్టేషను వైపు చెయ్యి చూపించాడు. ఆ పిల్ల ప్లాట్‌ఫారం చివర కూర్చుని ఉంది. అంచు వెంబడి గోరుతో గీసుకుంటూ, కాళ్ళు పట్టాల వైపు వేలాడేసుకుని. టీలు అమ్మే అతను ఒకడు, ఎందుకో అనుమానం వచ్చి, వెనక నుంచి ఆమె గౌను గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఆప్కీ బచ్చీ హై క్యా అమ్మా?" అని అడిగాడు. అవును, నా పిల్లే అన్నాను. పిల్లను ఎత్తి గుండెలకు అదుముకుని వెనక్కి నడిచాను. తను మాత్రం కూనిరాగం తీస్తూ నా చెవి కమ్మ పట్టుకుని ఉంది.

పెద్ద టీచరుగారు కేకలు వేయలేదు. అదే నాకు కష్టంగా తోచింది. బీరువాలోంచి ఒక ఇత్తడి తాళం తీసి నా ముందు పెట్టారు.

"క్లాసు బంద్ చేస్త అన్న. చెయ్యబుద్ధి అయితలేదు. మిగతా ముగ్గురు మంచిగ నేర్చుకుంటున్నరు. రేపటి నుంచి లోపలికెళ్ళి తాళం వెయ్యి. లేదంటే ఆ పిల్లను పంపించెయ్యి. రెండిట్ల ఏదన్న ఒకటి."

"నేను మాటిచ్చానండీ వాళ్ళమ్మకు" అన్నాను.

"మాట పోతే పోయింది, పాణం పోతదమ్మా!" అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. తాళం తీసి చేతిసంచిలో వేసుకున్నాను.

ఆ సాయంత్రం పిల్లను నేనే దిగబెట్టడానికి మాదన్నపేట వెళ్ళాను. సంగతి చెప్పాలి కదా. తల్లి అప్పుడే వచ్చినట్టుంది, మార్కెట్టులో కొన్న తోటకూర కట్ట ఇంకా చేతిలోనే ఉంది. ఒక్కటే అర్ర, మూలన స్టవ్వు, గోడకు భర్త ఫోటో. కూర్చోమని పీట వేసింది. కూర్చుని, తలుపు వైపు చూసి, నేను చెప్పాలనుకున్న మాటలన్నీ మరిచిపోయాను.

తలుపుకు లోపలి వైపు పచ్చరంగు వేసి ఉంది. కింది సగంలో రంగు లేదు. ఒక పిల్ల ఎత్తున, రెండు రెక్కలూ కలిసే అంచు వెంబడి, గోరుతో గీసి గీసి చెక్క తెల్లగా తేలింది. అక్కడ చెక్క నున్నగా ఉంది. ఏడాది పాటు ప్రతి పగలూ ఆ సందులోంచి వచ్చే వెలుగు గీత పక్కన కూర్చుని ఆ పిల్ల చేసిన పని అది.

తల్లి నా చూపు గమనించింది. నేను నోరు తెరవకముందే అంది, "ఆయమ్మ కబురు చేసింది టీచరమ్మా. ఏం ఫికర్ చెయ్యకుండ్రి. తాళమెయ్యుండ్రి. తాళం దానికి కొత్త గాదు."

నన్ను ఓదారుస్తోంది ఆమె. నాకు దుఃఖం ఆగలేదు. పిల్ల చూస్తుందనే బెంగ కూడా లేదు, తను తోటకూర కట్ట ఆకుల అంచులు చూసుకుంటోంది. పీట మీద కూర్చుని చెంగుతో ముఖం కప్పుకుని ఏడ్చి, ముక్కు తుడుచుకుని ఇంటికి వచ్చాను.

మర్నాడు తెల్లవారుజాము నుంచీ వాన. కుండపోత వాన. రిక్షా దిగేసరికి నేను సగం తడిశాను. చేతిసంచిలో ఆ ఇత్తడి తాళం బరువుగా ఉంది. మా గదికి ఎదురు జల్లు. గుమ్మంలోంచి జల్లు కొట్టి చాపలు తడుస్తున్నాయి. ఆయమ్మ ఎక్కడి నుంచో ఒక పెద్ద గోనె మూట తెచ్చి, స్టూలెక్కి, గుమ్మం పైన ఉన్న పాత కొక్కాలకు తగిలిస్తోంది. ఎర్ర అంచు చూడగానే పోల్చుకున్నాను.

"పారేయమన్నాను కదా దాన్ని?"

"పారేస్తే ఇయ్యాల మీ చాపలు ఈత కొడుతుండె" అంది దిగకుండానే.

పిల్లలు వచ్చారు. తల్లి వానలో పిల్లను తెచ్చి, నాకేసి చూడకుండా పరదా పక్కకు తీసి లోపలికి పంపి, డూటీకి పరుగెత్తింది. పలక, పూసలు, గ్లాసు, చెప్పులు మేకులకు తగిలించాను. ఇక తలుపు రెక్కలు వేయాలి. తాళం సంచిలోంచి తీశాను. ఒక్క పలక అయ్యాక వేద్దాంలే అనుకున్నాను. పలక అయింది. పూసలు అయ్యాక అనుకున్నాను. చేతులు రావడం లేదు.

పూసలు సగంలో ఉండగా ఆ పిల్ల లేచింది. ఎప్పటి లాగే గుమ్మం వైపు దౌడు తీసింది. నేను తాళం పక్కన పడేసి లేచాను. లేచి, అక్కడే ఆగాను. ఎందుకంటే తను ఆగింది.

పరదా ముందు ఆగింది. గోనెకు ముక్కు ఆనించింది. అరచేతులు రెండూ దాని మీద పెట్టింది. పరదా వానగాలికి కొంచెం ఉబ్బి, ఆమె ముఖానికి తగిలి, మళ్ళీ వెనక్కి పోతోంది. రెండు పక్కలా సందులున్నాయి. ఒక్క వేలు పెడితే తొలగిపోయే గుడ్డ. తను తొలగించలేదు. ఎర్ర అంచు వెంబడి గోరుతో పై నుంచి కింది దాకా ఒక గీత గీసి, కింద వెదురు కర్ర దాకా వచ్చి, అక్కడే చతికిలబడింది. కాసేపటికి లేచి వచ్చి తన చాప మీద కూర్చుంది.

ఆయమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వాన వల్లేమో అనుకున్నాను. మర్నాడు ఎండ కాసింది. ఆయమ్మను పరదా తీయనివ్వలేదు నేను. పిల్ల లేచింది, పరుగెత్తింది, పరదా దగ్గర ఆగింది, తిరిగి వచ్చింది. ఆ మర్నాడూ అంతే. తలుపు రెక్కలు బార్లా తెరిచి గోడకు ఆనించే ఉన్నాయి. గోనె సందుల్లోంచి గాలి వస్తోంది, పలచటి వెలుగు వస్తోంది. చీకటీ కాదు, మిట్టమధ్యాహ్నమూ కాదు.

ఆ సాయంత్రం తల్లిని ఒకటే అడిగాను. మీ ఓనర్ల పెద్దమ్మగారింట్లో గుమ్మానికి పరదా ఉండేదా అని.

నన్ను వింతగా చూసింది. "ఉండకుంట ఎట్లుంటది? ఆళ్ళది పరదా ఇల్లు. ఎవలు అచ్చినా బయట నిలవడి పిలవాలె. లోపటోళ్ళు పరదా ఎత్తితేనే వచ్చుడు పోవుడు. ఇది పాకేటప్పటి సంది ఆ ఇంట్లనే పెరిగింది." అని, చేతిలోని సంచి కింద పెట్టింది. "టీచరమ్మా... మా అర్రకు పరదా లేదు."

అవును, లేదు. నా గదికీ లేకుండా చేసింది నేనే, వెలుగు కోసం. ఆ పిల్ల లెక్కలో పరదా ఉంటే అది ఇల్లు, ఎవరైనా ఎత్తితేనే దాటాలి. పరదా లేకపోతే అది ఇల్లూ కాదు, గడపా కాదు, సందులాంటిదే. సందులో నడవడం తప్పెలా అవుతుంది? ఇది నా ఊహే. ఆ పిల్ల తన లోపల ఏమనుకునేదో నాకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆ రాత్రి భోజనం దగ్గర మావారికి ఇదంతా చెప్పి, "దువా కాదండీ, గోనె!" అని అరిచినంత పని చేశాను. ఆయన మజ్జిగ గ్లాసు పట్టుకుని నవ్వారు.

పరదా వచ్చాక ఆ గుమ్మం తీరే మారిపోయింది. పాపం అనేవాళ్ళకు చూడ్డానికి ఏమీ లేకుండా పోయింది. పెద్ద క్లాసుల పిల్లలు మూగడం మానేశారు. అన్నింటికన్నా విచిత్రం పెద్ద టీచరుగారు. అంతకు ముందు నేరుగా లోపలికి వచ్చేసేవారు. ఇప్పుడు పరదా బయట ఆగి, గొంతు సవరించుకుని, "రావొచ్చునామ్మా?" అని అడిగేవారు. ఎవరూ చెప్పలేదు ఆవిడకు. పరదా చూస్తే ఆగి పిలవడం అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ ఒంట్లో ఉంది. బయట ఎవరు పిలిచినా ఆయమ్మ వెళ్ళి వెదురు కర్ర పట్టి పరదా ఎత్తేది. వాళ్ళు తల వంచి లోపలికి వచ్చేవారు. ఆ పిల్ల పని ఆపి, ప్రతిసారీ ఆ ఎత్తడాన్ని చూసేది.

మా ఇంట్లో పాత దుప్పట్లు తెచ్చి గది మూలల్లో కూడా పరదాలు కట్టాను. చెవులు మూసుకునే అబ్బాయి బెంచీ కింద దూరడం మాని, తన మూలలో దుప్పటి వెనక కాసేపు కూర్చుని, తనంతట తనే బయటికి వచ్చేవాడు. ఇది కొత్త చదువేమీ కాదు. ఆ ఇల్లు కట్టినవాళ్ళు దాన్ని ఎలా వాడుకున్నారో మేమూ అలాగే వాడుకున్నాం.

దసరా సెలవులు దగ్గర పడ్డాయి. కమిటీవాళ్ళు వచ్చి వెళ్ళారు. ఏం నిర్ణయించారో ఎవరూ నాకు చెప్పలేదు. చివరి రోజున పెద్ద టీచరుగారు పరదా బయట ఆగి, పిలిచి, లోపలికి వచ్చారు. మేకుల మీది చెప్పుల జతను ఎప్పటిలా ఇష్టం లేకుండా చూశారు.

"ఆ తాళం ఎక్కడ పెట్టినవమ్మా? జర ఇటియ్యి. స్టోరు రూముకు తాళం లేదు" అన్నారు.

అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది. తాళం ఆవిడ చేతిలో పెట్టి, కాళ్ళకు దండం పెట్టబోతే, "ఛీ, ఏందమ్మా గిది" అని కసురుకుంటూ వెళ్ళిపోయారు.

సెలవుల్లో పిల్ల ఎక్కడ ఉండాలన్న దిగులు కూడా అప్పటికి తీరింది. నేనూ ఆయమ్మా కలిసి రెండు చక్కెర గోతాలు విప్పి, మధ్యలో నా పాత చీర వేసి, ఎర్ర అంచు పెట్టి ఒక పరదా కుట్టాం. నా కుట్టు చూసి ఆయమ్మ చేసిన వేళాకోళం ఇక్కడ రాయను. మాదన్నపేటలో పక్కింటి ముసలమ్మకు సంగతి చెప్తే, పిల్ల ఉరకకపోతే తను వచ్చి కూర్చుంటానని ఒప్పుకుంది.

ఆ చివరి రోజు సాయంత్రం తల్లి ఆఫీసు నుంచి వచ్చింది. పరదా కింద ఆమె పాదాలు కనబడ్డాయి, దుమ్ము పట్టిన రబ్బరు చెప్పులు. గొంతు సవరించుకుంది. ఆయమ్మ మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని లేవబోయింది. ఆమె లేచేలోపే ఆ పిల్ల చాప మీంచి లేచింది.

నడుచుకుంటూ వెళ్ళింది. వంగి, వెదురు కర్రను రెండు చేతులతో పట్టుకుంది. పరదాను మెల్లగా పైకి ఎత్తింది. తన తల దాకా ఎత్తి, అక్కడ ఆపింది. బయటికి ఒక్క అడుగు కూడా వేయలేదు. తల్లి ముఖం చూడలేదు, ఎప్పటిలా ఆమె కమ్మలు చూస్తోంది. ఎత్తి పట్టుకుని, కూనిరాగం తీస్తూ నిలబడింది.

తల్లి గడప అవతల కదలకుండా ఉండిపోయింది. ఏడాది పాటు రోజూ బయటి నుంచి తలుపు తీసిన మనిషి. లోపలి నుంచి తన కోసం ఎవరైనా తీసి చాలా కాలమైంది.

"టీచరమ్మా," అంది. "నన్ను లోపటికి రమ్మంటున్నది."

"మరి రా! ఎంతసేపు నిలబెడతావు దాన్ని, చేతులు నొప్పెట్టవూ?" అన్నాను. గద్దించినట్టే అన్నాను.

ఆమె చెప్పులు విడిచింది. చెంగుతో ముఖం తుడుచుకుని, తల వంచి, కూతురు ఎత్తి పట్టిన చేతుల కింద నుంచి లోపలికి వచ్చింది.